రక్తపరీక్షతో పెద్దపేగు క్యాన్సర్ ముందే తెలుస్తుందా? డాక్టరు మూడు దారులు చెప్పారు, ఏది పట్టుకోవాలి?

#1 తెనాలి_వెంకట్ (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. పోయిన నెల నాకు 45 నిండాయి. ఏడాదికోసారి వెళ్ళే చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ "ఇక పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్ మొదలుపెట్టాలి" అన్నారు. ఇంతకుముందు ఇక్కడ 50కి మొదలుపెట్టేవారట, 2021లో 45కి దించారు. మూడు దారులు చెప్పారు. వెనక నుంచి కెమెరా గొట్టం పంపి పేగు లోపల చూసే కొలనోస్కోపీ, ఇంట్లోనే మలం పట్టి పంపే డబ్బా, లేదంటే షీల్డ్ అనే రక్తపరీక్ష. మొదటి రెండూ తలచుకుంటేనే ఇబ్బందిగా ఉంది. రక్తమైతే చెయ్యి చాపితే అయిపోతుంది. నా మనసు అటే లాగుతోంది.

ఇంకో సంగతి. మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేసి, విజయవాడలో ఎవరో రక్తం చూసి క్యాన్సర్ ఉందో లేదో చెప్పేస్తున్నారట, పిన్నికి కూడా చేయిద్దామా అన్నాడు. అమ్మకి 68, తెనాలిలో ఒక్కతే ఉంటుంది. రక్తంలో ఏం చూస్తారు, ఎంతవరకు నమ్మొచ్చు? తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 ల్యాబు_సుధ (హైదరాబాద్)

వెంకట్ గారూ, నేను పద్నాలుగేళ్ళుగా మాలిక్యులర్ ల్యాబులో పని చేస్తున్నాను. రక్తంలో ఏం వెతుకుతారో చెప్తాను, ఎంచుకోవడం సంగతి డాక్టర్లు చెప్తారు.

ఒంట్లో రోజూ కోట్ల కణాలు చనిపోతుంటాయి. వాటి డీఎన్ఏ ముక్కలై రక్తంలో కలుస్తుంది. ఒక్కో ముక్క దాదాపు 167 అక్షరాల పొడవు. రెండు గంటలు కూడా తిరగకముందే సగం మాయమైపోతుంది. రక్తంలో ఇలాంటి డీఎన్ఏ తిరుగుతుందని 1948లోనే ఫ్రాన్స్‌లో మాండెల్, మెతే కనిపెట్టారు. పేగులో గడ్డ ఉంటే దాని ముక్కలూ అందులో ఉంటాయి, కానీ గడ్డ చిన్నదైతే వేల ముక్కల్లో ఒకటో రెండో. ఆ ఒకటి గడ్డదని గుర్తుపట్టేది ఎలా? అక్కడికి వస్తుంది మిథైలేషన్.

డీఎన్ఏలో సి అనే అక్షరం మీద చిన్న రసాయన బొట్టు పడుతుంది, అదే మిథైల్ గుంపు. జీన్ మొదట్లో ఈ బొట్లు దట్టంగా పడితే ఆ జీన్ మూగబోతుంది. పుస్తకంలో అక్షరం ఒక్కటీ చెరగలేదు, పేజీలు మాత్రం జిగురుతో అంటుకుపోయాయి అనుకోండి. సెప్టిన్ 9 అని 17వ క్రోమోజోమ్ మీద ఒక జీన్ ఉంది. మామూలు పేగు కణంలోనూ, రక్తంలోని తెల్లకణాల్లోనూ దాని మొదలు భాగం బొట్లు లేకుండా ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్లలో ఎక్కువ వాటిలో అక్కడ బొట్లు నిండిపోతాయి. అందుకే రక్తంలో బొట్లున్న సెప్టిన్ 9 కనబడితే అనుమానించాలి.

బొట్టును చూసే పద్ధతి నాకు ఇప్పటికీ అబ్బురమే. డీఎన్ఏని బైసల్ఫైట్ ద్రావణంలో పెడతాం. బొట్టు లేని సి కాస్తా యు అనే అక్షరంగా మారిపోతుంది, బొట్టున్న సి చెక్కుచెదరదు. కంటికి కనిపించని బొట్టు ఇప్పుడు అక్షరాల తేడాగా మారింది, పీసీఆర్ మిషను చదివేస్తుంది. చిక్కేమిటంటే ఆ ద్రావణం డీఎన్ఏని చాలావరకు పాడు చేస్తుంది. ఉన్నదే పిసరంత, అందులో సగానికి పైగా మన చేతుల్లోనే పోతుంది. మామూలు ట్యూబులో తీసిన రక్తాన్ని గంటల తరబడి బల్ల మీద వదిలేసినా అంతే సంగతులు. తెల్లకణాలు పగిలి వాటి డీఎన్ఏ వచ్చిపడుతుంది, గడ్డ ముక్క అందులో మునిగిపోతుంది. ఆ ప్లాస్మాని చూడగానే తెలిసిపోతుంది, పైన తేటగా ఉండాల్సింది ఎర్రజీరతో ఉంటుంది. అలాంటిది వస్తే నేను వెనక్కి పంపించేస్తాను.

#3 శ్రీకాకుళం_చిన్నోడు

సుధక్కా, చాలా బాగా చెప్పారు. మా ఆఫీసు హెల్త్ ప్యాకేజీలో సీఈఏ అని ఒక రక్తపరీక్ష ఉంది, నాది నార్మల్ వచ్చింది. ఇదీ అదీ ఒకటేనా? నాకు పేగులో ఏమీ లేనట్టేనా?

#4 డాక్టర్_రామం (విశాఖపట్నం)

ఒకటి కాదు బాబూ. సీఈఏ ఒక ప్రోటీన్. 1965లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ కనుక్కున్నారు. క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక మళ్ళీ తిరగబెట్టిందా అని చూడటానికి పనికొస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో క్యాన్సర్ వెతకడానికి కాదు. పొగతాగేవాళ్ళలో ఊరికే పెరుగుతుంది, మొదటి దశ క్యాన్సర్‌లో చాలాసార్లు పెరగనే పెరగదు. ప్యాకేజీలో పెట్టారు కదా అని దాన్ని పట్టుకుని నిశ్చింతగా ఉండొద్దు.

నేను గ్యాస్ట్రోఎంటరాలజిస్టుని. సుధ గారు చెప్పిన సెప్టిన్ 9 పరీక్ష పేరు ఎపి ప్రోకొలోన్, బెర్లిన్ కంపెనీ ఎపిజెనోమిక్స్ తయారుచేసింది. 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. పెద్దపేగు క్యాన్సర్ స్క్రీనింగ్‌కి అనుమతి వచ్చిన మొదటి రక్తపరీక్ష అదే. కానీ అమెరికాలోనూ జర్మనీలోనూ ఏడు వేల పైచిలుకు మందిని తీసుకుని చేసిన ప్రిసెప్ట్ అధ్యయనంలో అది పట్టింది నూటికి 48 క్యాన్సర్లనే. మొదటి దశలో 35. పెద్ద పాలిప్‌లలో, అంటే పేగు లోపొర మీద మొలిచే కండపిలకల్లో, 11. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వాళ్ళు 2021లో గీత గీశారు. క్యాన్సర్లలో కనీసం 74 శాతం పట్టాలి, క్యాన్సర్ లేనివాళ్ళలో కనీసం 90 శాతం మందికి లేదనే చెప్పాలి, అప్పుడే డబ్బు ఇస్తామన్నారు. ఎపి ప్రోకొలోన్ ఆ గీత దాటలేదు.

వెంకట్ గారికి చెప్పిన షీల్డ్ తర్వాతి తరం. ఒక్క జీన్‌తో సరిపెట్టుకోదు. డీఎన్ఏలో చాలాచోట్ల మిథైలేషన్ చూస్తుంది, ముక్కలు ఎలా తెగాయో కూడా చూస్తుంది. 2024 జులైలో అనుమతి వచ్చింది. మామూలు రిస్కు ఉన్న, 45 దాటినవాళ్ళకి, మూడేళ్ళకోసారి.

#5 లెక్కల_మాస్టారు (భీమవరం)

డాక్టరుగారూ, శాతాలు చెప్తే జనానికి ఒంటబట్టవండి. ముప్ఫై ఆరేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, షీల్డ్ మీద 2024లో అచ్చయిన ఎక్లిప్స్ అధ్యయనం అంకెలు మా మనవరాలి చేత తెప్పించుకుని మనుషుల లెక్కన వేశాను. చూడండి.

మొత్తం 7861 మంది. అందరికీ రక్తమూ తీశారు, కొలనోస్కోపీ కూడా చేశారు. కాబట్టి ఎవరికి ఏముందో ఖాయంగా తెలుసు. క్యాన్సర్ ఉన్నవాళ్ళు 65 మంది. రక్తపరీక్ష అందులో 54 మందిని పట్టింది, 11 మందిని వదిలేసింది. మెచ్చుకోవాల్సిందే.

తర్వాతి వరస చూడండి. క్యాన్సర్ కాకపోయినా ముందుముందు కాగల పెద్ద పాలిప్‌లు ఉన్నవాళ్ళు 1116 మంది. రక్తపరీక్ష పట్టింది 147. వదిలేసింది 969! ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

మిగతా 6680 మందికి ఈ రెండూ లేవు. అయినా 698 మందికి పాజిటివ్ అని వచ్చింది.

అంటే పాజిటివ్ వచ్చినవాళ్ళు మొత్తం 899. అందులో నిజంగా క్యాన్సర్ ఉన్నది 54 మందికి, నూటికి ఆరుగురు. పెద్ద పాలిప్‌లు ఉన్నవాళ్ళనూ కలిపితే నూటికి 22 మంది. నెగటివ్ వచ్చినవాళ్ళు 6962, అందులో 11 మందికి క్యాన్సర్ ఉంది. సుమారు 633 మందికి ఒకరు. పాజిటివ్ అంటే క్యాన్సర్ అని కాదు, నెగటివ్ అంటే పేగు శుభ్రం అనీ కాదు. లెక్క చెప్పేది అంతే.

#6 న్యూజెర్సీ_కృష్ణ

మాస్టారూ, మీరు చెప్పిన ఆ 698 మందిలాంటి వాణ్ణి నేను. మొన్న ఫిబ్రవరిలో షీల్డ్ చేయించుకున్నాను, పాజిటివ్ వచ్చింది. రాత్రి తొమ్మిదింటికి యాప్‌లో ఎర్రక్షరాలతో వచ్చింది, అప్పుడు ఫోన్ చేద్దామన్నా డాక్టరు దొరకరు. కొలనోస్కోపీకి ఐదు వారాలు ఆగాల్సి వచ్చింది. ఆ ఐదు వారాలూ మా ఆవిడకి చెప్పలేదు. రాత్రుళ్ళు లేచి పిల్లల గది గుమ్మం దగ్గర నిలబడేవాణ్ణి.

చూశారు, ఏమీ లేదు. చిన్న పాలిప్ కూడా లేదు. హమ్మయ్య అనుకున్నాను గానీ మర్నాటి నుంచి కొత్త బెంగ. పేగులో లేకపోతే ఇంకెక్కడైనా ఉందా? ఆ పాజిటివ్ ఎక్కడి నుంచి వచ్చినట్టు? రామం గారూ, దీనికి జవాబు చెప్పండి.

#7 డాక్టర్_రామం (విశాఖపట్నం)

కృష్ణ గారూ, మీ బాధ అర్థమైంది. పేగు బాగా శుభ్రపడి, స్కోపు చివరి మూల దాకా, అంటే సీకమ్ దాకా వెళ్ళి చూసి ఏమీ లేదంటే, మీకు వేరే లక్షణాలు లేకపోతే, నేనైతే ఇక ఒళ్ళంతా వెతికించను. మిథైలేషన్ క్యాన్సర్‌లోనే మారుతుందని లేదు. వయసు పెరిగేకొద్దీ మారుతుంది. సెప్టిన్ 9 అయితే కాలేయం గట్టిపడిన వాళ్ళలోనూ కనిపిస్తుంది. రిపోర్టులో సీకమ్ చేరినట్టు రాశారో లేదో ఒకసారి చూసుకోండి. రాసి ఉంటే నిశ్చింతగా నిద్రపోండి. మీ ఆవిడకి మాత్రం ఇప్పుడైనా చెప్పండి.

#8 అన్నపూర్ణ_కరీంనగర్

మీరందరు మంచి ముచ్చట వెట్టిన్రు. నాది ఒక్కటి చెప్త, ఇనుండ్రి.

మా నాయినకు 2019ల దొడ్డికి పోతే రక్తం పడుడు షురువైంది. మొలలే అనుకున్నం. ఊర్ల అందరు అదే అన్నరు, మొలలకు ఫలానా ఆకు రసం తాగితే పోతదన్నరు, తాగిండు. తర్వాత ఒక క్లినిక్‌కు తీస్కపోయినం. ఆయన పండవెట్టి సూడలే, చెయ్యి వెట్టి సూడలే, కుర్సీల కూసోవెట్టే మొలల గోలీలు రాసిండు. ఎనిమిది నెలలు అట్లనే గడిచిపాయె. నాయిన బక్కగయిండు, లుంగీ నడుముకు నిలుస్తలేదు. అప్పుడు హైదరాబాదుకు తీస్కపోతే అక్కడి డాక్టరమ్మ గ్లౌజు ఏసుకొని ఏలు వెట్టి సూసింది. అర నిమిషం వట్టలే. బయటికొచ్చి నన్ను పక్కకు పిలిచి, "గడ్డ ఏలుకు తగులుతుంది తల్లీ" అన్నది.

ఆపరేషన్ అయింది, కడుపుకు సంచి వెట్టిన్రు. రెండేండ్లు బతికిండు. మిథైలేషను, జీన్లు నాకు అంతగ తెల్వదు. కని రక్తం పడుతుంటె రక్తపరీక్ష కోసం ఎదురుసూడకుండ్రి. ఏలు పెట్టి సూడుమని డాక్టర్‌ను అడుగుండ్రి, సిగ్గుపడకుండ్రి.

#9 డాక్టర్_రామం (విశాఖపట్నం)

అమ్మా, చేతులెత్తి దండం పెడుతున్నాను. మేం డాక్టర్లం చదవాల్సిన పోస్టు ఇది.

స్క్రీనింగ్ అంటే ఏ ఇబ్బందీ లేనివాళ్ళకి చేసేది. రక్తం పడుతున్నా, మల విసర్జన అలవాటు మారినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, రక్తహీనత ఉన్నా అది స్క్రీనింగ్ కాదు, రోగ నిర్ధారణ. అలాంటివాళ్ళకి షీల్డ్ కాదు, సెప్టిన్ 9 కాదు, మలం డబ్బా కూడా కాదు. నేరుగా స్కోపే. పడమటి దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు తక్కువే, కానీ వచ్చినవాళ్ళలో యాభై లోపువాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. గడ్డ మలాశయంలోనే ఉండటమూ ఎక్కువే. ప్రభుత్వం ముప్ఫై దాటినవాళ్ళకి ఊరూరా చేసే పరీక్షల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి గానీ పెద్దపేగు లేదు. కాబట్టి మన దగ్గర లక్షణాన్ని గుర్తుపట్టడమే సగం వైద్యం.

వెంకట్ గారూ, అడగడం మరిచాను. మీ అమ్మగారికి పరీక్ష చేయిద్దామని ఎందుకు అనిపించింది మీ అన్నయ్యకి? ఏదైనా ఇబ్బంది ఉందా?

#10 తెనాలి_వెంకట్

లేదండీ, ఏమీ లేదు. కాస్త నీరసం అంటుంది, మెట్లెక్కితే ఆయాసం. వయసు కదా. ఏడాదిగా ఐరన్ మాత్రలు వాడుతోంది.

#11 డాక్టర్_రామం (విశాఖపట్నం)

హిమోగ్లోబిన్ ఎంత? ఐరన్ మాత్రలు ఎవరు, ఏం చూసి రాశారు?

#12 తెనాలి_వెంకట్

ఇప్పుడే అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న ఆరున్నర, ముగ్గు వేస్తోంది. కాయితాలు తియ్యమంటే బీరువాలోంచి తీసి ఒక్కొక్కటీ చదివింది. పోయిన ఏడు 9.6. సంక్రాంతి తర్వాత 8.4. మాత్రలు వాడుతుండగానే తగ్గింది. "మోషన్‌లో రక్తం ఏమైనా పడుతోందా అమ్మా" అంటే లేదంది, నల్లగా వెళ్తోంది, మాత్రల వల్లేనని చెప్పారంది. నాకిదంతా తెలియదు. వారానికి మూడుసార్లు మాట్లాడతాను, ఒక్కసారీ అడగలేదు.

#13 డాక్టర్_రామం (విశాఖపట్నం)

ఐరన్ మాత్రలకి మలం నల్లబడటం నిజమే. అందుకే దాని మాటున రక్తం పోతున్నా తెలియదు. 68 ఏళ్ళ మనిషికి ఐరన్ తగ్గిందంటే ఎక్కడి నుంచి పోతోందో వెతకాలి. పెద్దపేగు కుడివైపు గడ్డో పాలిప్పో ఉంటే రక్తం కంటికి కనిపించేలా పడదు, చుక్కచుక్కగా పోయి ఇలా నీరసంగా బయటపడుతుంది. కంగారు పడకండి, వేరే కారణాలు కూడా చాలా ఉన్నాయి. కానీ పైనుంచి ఒకటి, కింది నుంచి ఒకటి, రెండు స్కోపులూ చేయించండి. ఆ రక్తపరీక్ష ఆలోచన మానేయండి. నెగటివ్ వస్తే మీరందరూ ఆగిపోతారు, నా భయం అదే.

#14 ల్యాబు_సుధ (హైదరాబాద్)

రామం గారు చెప్పినదానికి ల్యాబు వైపు నుంచి ఒక కారణం కలుపుతాను. గడ్డ పేగు గోడలోకి చొచ్చుకుని రక్తనాళాల దాకా వెళ్తేనే దాని డీఎన్ఏ రక్తంలోకి బాగా వస్తుంది. పాలిప్ లోపొరకే అతుక్కుని ఉంటుంది. దాని కణాలు రాలితే రక్తంలోకి కాదు, పేగులోకి రాలతాయి. అందుకే అదే మిథైలేషన్‌ని మలంలో వెతికితే ఎక్కువ దొరుకుతుంది. కొలోగార్డ్ అనే మలం పరీక్ష 2014 నుంచీ ఎన్‌డీఆర్‌జీ4, బీఎంపీ3 అనే రెండు జీన్ల మిథైలేషన్ చూస్తోంది. దాని కొత్త రూపం క్యాన్సర్లలో 94 శాతం, పెద్ద పాలిప్‌లలో 43 శాతం పట్టింది. ఆ పాలిప్‌లలోనే షీల్డ్ రక్తపరీక్ష పట్టింది 13 శాతం. ఇది మిషను లోపం కాదు, ముక్క అక్కడ లేకపోతే మేం ఎంత కష్టపడినా దొరకదు.

అయినా రక్తపరీక్షని తీసిపారేయను. బెర్లిన్‌లో ఒక అధ్యయనం జరిగింది. 172 మందికి కొలనోస్కోపీ చేయించుకోమంటే 63 మందే సరేనన్నారు. కాదన్న 109 మందికి రక్తం గానీ మలం గానీ ఇవ్వమంటే 90 మంది రక్తం ఇచ్చారు. ఏ పరీక్షా వద్దని ఇంట్లో కూర్చునే మనిషికి రక్తపరీక్ష నిజంగా మేలే. మా మేనత్త అలాంటి మనిషే, స్కోపు మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతుంది.

#15 శ్రీకాకుళం_చిన్నోడు

మరి మనలాంటివాళ్ళకి ఇక్కడ తక్కువలో ఏముందండీ? నాకు 46.

#16 డాక్టర్_రామం (విశాఖపట్నం)

ఫిట్. మలంలో మనిషి రక్తం ఉందా అని చూసే పరీక్ష. పథ్యం అక్కర్లేదు. ఒకసారి చేస్తే పెద్దపేగు క్యాన్సర్లలో నూటికి 74 దాకా పట్టుకుంటుంది. ఏటా చేయించుకోవాలి, పాజిటివ్ వస్తే తప్పకుండా స్కోపు చేయించుకోవాలి. ఇంట్లో తల్లికో తండ్రికో తోడబుట్టినవాళ్ళకో ఈ జబ్బు ఉంటే మాత్రం అలా సరిపెట్టకండి, డాక్టరుని కలవండి.

#17 తెనాలి_వెంకట్

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. సెలవు పెట్టి వచ్చాను. గుంటూరులో అమ్మకి రెండు స్కోపులూ అయ్యాయి.

ముందురోజు రాత్రి ఆ మందునీళ్ళు రెండు లీటర్లు తాగించడం పెద్ద పనే. సగం అయ్యాక "ఇక నావల్ల కాదురా" అంది. అక్క నిమ్మకాయ ముక్క చప్పరిస్తూ తాగమంది, అలా లాగించేశాం. రాత్రి రెండింటికి తేటనీళ్ళలా వస్తోందని అమ్మే కేకేసి చెప్పింది. లోపల కెమెరా వెళ్తుంటే డాక్టరుగారు నన్ను పక్కన నిలబడి చూడనిచ్చారు. నున్నటి గులాబీరంగు గోడ, మెరుస్తోంది. కుడివైపు మలుపు దాటాక ఒకచోట కాలీఫ్లవర్ తుంచి అంటించినట్టు. దాని మీద రక్తపు చెమ్మ. మూడు సెంటీమీటర్లు ఉంటుందన్నారు. వారం తర్వాత ముక్కలుముక్కలుగా కోసి తీసేశారు, కత్తిగాటు లేకుండానే. బయాప్సీ నిన్న వచ్చింది. హై గ్రేడ్ మార్పులున్న అడినోమా అట, అంటే క్యాన్సర్‌కి బాగా దగ్గరపడిన పాలిప్, ఇంకా క్యాన్సర్ కాలేదు.

మాస్టారూ, మీరు చెప్పిన 1116 మందిలాంటి మనిషే మా అమ్మ.

#18 లెక్కల_మాస్టారు (భీమవరం)

నాయనా, చల్లని మాట చెప్పావు. కళ్ళు చెమర్చాయి.

#19 డాక్టర్_రామం (విశాఖపట్నం)

చాలా సంతోషం. ముక్కలుగా తీశారు కాబట్టి ఆరు నెలలకి ఒకసారి అక్కడ మళ్ళీ చూడాలి, తేదీ ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఐరన్ మాత్రలు ఆపకండి, నెల తర్వాత హిమోగ్లోబిన్ చూపించండి.

ఇక మీ సంగతి. తల్లికి ఇలాంటి పాలిప్ ఉందంటే పిల్లలు నలభై నుంచే చూపించుకోవాలి. మీ అక్కకీ చెప్పండి. అమ్మగారికి అరవై దాటాకే బయటపడింది కాబట్టి నియమాల ప్రకారం మీకు వేరే పరీక్షలూ కుదురుతాయి. నా తమ్ముడివైతే మాత్రం స్కోపే చేయించేవాణ్ణి.

#20 తెనాలి_వెంకట్

అక్కకి గుంటూరులోనే బుధవారం. నాకు ఫ్రిస్కో వెళ్ళాక పద్నాలుగో తారీకు, ఇక్కణ్ణించే ఫోన్ చేసి పెట్టుకున్నాను. అన్నపూర్ణమ్మా, మీ పోస్టు చదివాకే రామం గారి ప్రశ్నకి జవాబు వెతకాలనిపించింది. మీ నాయనగారి పేరు చెప్తారా? రేపు అమ్మ గుడికి వెళ్తోంది, ఆయన పేరున కూడా పూజ చేయిస్తానంటోంది.